నూనె మీద నిలబడ్డ కారు

నిమ్మనపల్లె నుంచి ఓ పాఠకుడు రాశారు. ‘బెంగళూరులో ఉద్యోగం చేసే మా బావ సెకండ్‌హ్యాండ్‌లో పెద్ద విదేశీ కారు కొన్నాడు. పండక్కి ఊరికి తెచ్చాడు. వెనక టైరు పంక్చరైతే ఇంటి ముందే జాకీ పెట్టాం. ఎత్తుతుంటే లోపల ఎక్కడో బుస్సుమని చప్పుడు. కారు తనంతట తానే కొంచెం ఒరిగింది. ఎలాగో స్టెప్నీ బిగించి బయటపడ్డాం. ఇప్పుడు బ్రేకు ప్యాడ్లు కూడా ఇంట్లోనే మార్చేద్దాం, షెడ్డుకు వేలకు వేలు దండగ అంటున్నాడు బావ. మార్చొచ్చా?’

మార్చొచ్చా లేదా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ బుస్సుమన్న చప్పుడు సంగతి తేల్చాలి. ఎందుకంటే ఆ చప్పుడు వచ్చినప్పుడు చక్రం దగ్గర చెయ్యి ఉంటే ఒక కథ, కారు కింద తల ఉంటే ఇంకో కథ. కారు మీద పడి మనిషి పోయాడన్న వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. పోయినవాళ్లలో పని రానివాళ్లే కాదు, ఏళ్ల తరబడి ఆ పనే చేసినవాళ్లూ ఉంటారు.

స్ప్రింగు లేని కారు

మనకు తెలిసిన కార్లన్నీ ఇనుప స్ప్రింగుల మీద కూర్చుంటాయి. లారీకైతే కమాను పట్టీలు. మదనపల్లె మార్కెట్టుకు టమాటా పెట్టెలు మోసే బండి వెనక వంగి చూస్తే ఆ పట్టీలు వరసగా కనిపిస్తాయి. ఇనుముకు ఒక మంచి గుణం ఉంది. ఇంజిను ఆపినా, బ్యాటరీ తీసేసినా, రాత్రంతా వదిలేసినా అది ఉన్నచోటే ఉంటుంది.

అన్ని కార్లూ అలా ఉండవు. కొన్నిటిలో స్ప్రింగు బదులు గాలి ఉంటుంది. కొన్నిటిలో గాలీ నూనే కలిసి ఆ పని చేస్తాయి. ఈ రెండో రకాన్ని హైడ్రోన్యూమాటిక్ సస్పెన్షన్ అంటారు. పేరు నోరు తిరక్కపోయినా లోపలి సంగతి తేలికే. ప్రతి చక్రానికీ ఒక ఇనుప గోళం. దాని మధ్యలో రబ్బరు పొర. పొరకు ఒకవైపు నైట్రోజన్ వాయువు, ఇంకోవైపు నూనె. చక్రం గుంతలో పడి లేచినప్పుడు నూనె పొరను నెడుతుంది, వాయువు నలిగి మళ్లీ విచ్చుకుంటుంది. అదే స్ప్రింగు.

నూనెను ఎక్కించడానికి పంపు ఒకటి ఉంటుంది. కార్లో నలుగురు ఎక్కి వెనకభాగం కుంగితే, ఎత్తు చూసే వాల్వు ఇంకాస్త నూనె పంపి కారును మళ్లీ సమంగా నిలబెడుతుంది. వాళ్లు దిగితే నూనె వెనక్కి వదులుతుంది. డ్రైవరు పక్కన ఒక లివరు. పైకంటే కారు పైకి లేస్తుంది, కిందికంటే నేలకు కుంగుతుంది.

పారిస్‌లో పుట్టిన వింత

ఈ విద్యను రోడ్డెక్కించింది ఫ్రాన్సుకు చెందిన సిట్రోయెన్ కంపెనీ. అక్కడ పనిచేసిన పాల్ మాజెస్ అనే ఇంజినీరు దీని సృష్టికర్త. 1954లో ఒక మోడల్‌కు వెనక చక్రాల వరకే పెట్టి చూశారు. మరుసటి ఏడాది, 1955 అక్టోబరులో, పారిస్ మోటారు ప్రదర్శనలో ‘డీఎస్’ కారును జనం ముందు పెట్టారు. నాలుగు చక్రాలకూ నూనె గోళాలే. బ్రేకులు, స్టీరింగు కూడా అదే నూనె బలంతో నడిచేవి.

1962 ఆగస్టు 22న ఫ్రాన్సు అధ్యక్షుడు డీగాల్ మీద పారిస్ శివార్లలో తుపాకులతో దాడి చేశారు. ఆయన ఉన్నది డీఎస్‌లోనే. టైర్లు పేలినా డ్రైవరు కారును అదుపు తప్పనివ్వకుండా లాక్కుపోయాడు. డీగాల్ బతికిపోయారు. ‘ది డే ఆఫ్ ది జాకాల్’ సినిమా చూసినవాళ్లకు ఆ సీను గుర్తుండే ఉంటుంది.

ఆ డీఎస్‌లో చక్రం మార్చే తీరే వేరు. మనలా జాకీ తిప్పి తిప్పి చేతులు నొప్పి పుట్టే పని లేదు. ఇంజిను నడుస్తుండగా లివరు పైకి తోస్తే కారు మొత్తం లేస్తుంది. పక్కన చూపించిన చోట ఒక ఇనుప స్టాండు తగిలించి, లివరు కిందికి దించాలి. కారు దిగబోతుంది, స్టాండు అడ్డుకుంటుంది. ఇక చేసేది లేక ఆ పక్క చక్రాలే నేల విడిచి పైకి ముడుచుకుంటాయి! గద్ద కాళ్లు ముడుచుకున్నట్టన్నమాట.

ఈ విద్యను బయటివాళ్లూ వాడుకున్నారు. 1965లో వచ్చిన రోల్స్‌రాయిస్ సిల్వర్ షాడో, కారును సమంగా నిలబెట్టే పద్ధతిని సిట్రోయెన్ లైసెన్సుతోనే తీసుకుంది. మన దేశంలో కుప్పం దాటి తూర్పుగా వెళ్తే చెన్నై దగ్గర ఆవడి ఉంది. అక్కడ రూపుదిద్దుకున్న అర్జున్ యుద్ధట్యాంకు కూడా వాయువూ నూనే కలిసిన సస్పెన్షన్ మీదే గుట్టలెక్కుతుంది.

నూనె గోళాల కార్లు కొత్తగా తయారవడం 2017తో ఆగిపోయింది. చివరిది సిట్రోయెన్ సి5. ఆ కంపెనీ 2021లో మన దేశానికి వచ్చినప్పుడు ‘హైడ్రాలిక్ కుషన్’ అన్న మాట ప్రకటనల్లో బాగా వినిపించింది. అది వేరు. అందులో ఉన్నది మామూలు ఇనుప స్ప్రింగే. షాక్ అబ్జార్బరు చివర్లలో అదనంగా నూనె దిండ్లు పెట్టారంతే. దాన్ని మామూలు కారులాగే ఎత్తొచ్చు.

మరి అసలు రకం మన రోడ్ల మీద అరుదు. అయితే యూరప్‌లో చదువుకో ఉద్యోగానికో వెళ్లిన మన పిల్లలకు చవగ్గా దొరికే పాత కార్లలో ఇవీ ఉంటాయి. అక్కడ మెకానిక్ కూలి చూసి గుండె ఆగినంత పనై, అన్నీ మనమే చేసుకుందామని జాకీ కొనేది కూడా వాళ్లే. ఇక గాలి తిత్తుల కార్లంటారా, బెంగళూరులోనూ హైదరాబాద్‌లోనూ సెకండ్‌హ్యాండ్ షోరూముల్లో వరసగా నిలబడి ఉంటాయి. నిమ్మనపల్లెకు వచ్చింది ఆ రకమే అయ్యుంటుంది.

ఎందుకు బుస్సుమంది?

ఈ కార్లకు తమ ఎత్తు ఎంతుందో నిరంతరం చూసుకునే గుణం ఉంది. మనం జాకీతో వెనక కుడి మూల ఎత్తామనుకోండి. చక్రం కిందికి వేలాడుతుంది. కారేమో ‘ఈ మూల మరీ ఎత్తయిపోయిందే’ అనుకుని అక్కడి గాలో నూనో వదిలేస్తుంది. అదే మనకు వినిపించే బుస్సు. అంతటితో ఊరుకోదు. మిగతా మూలలు కూడా సరిచేయబోతుంది. కారు ఒరుగు మారుతుంది. జాకీ తల ఉన్నది రెండంగుళాల చోటు మీద. అది జారడానికి వేలెడు కదలిక చాలు.

ఇంకో ప్రమాదం ఇంతకంటే పెద్దది. ఇనుప స్ప్రింగు కారును కేవలం దాని చక్రాల మీద నిలబెట్టి, ఒక బ్రేకు గొట్టం విప్పారనుకోండి. బ్రేకు నూనె కారుతుంది. బండి ఎత్తు మారదు. నూనె గోళాల కారులో పొరపాటున ఒక గొట్టం విప్పితే కారును మోస్తున్న బలమే బయటికి పోతుంది. టన్నున్నర బరువు కళ్లు మూసి తెరిచేలోగా నేలకు దిగుతుంది. చక్రానికీ రెక్కకూ మధ్య చెయ్యి ఉంటే చెయ్యి, కింద ఛాతీ ఉంటే ఛాతీ.

ఆ గొట్టాల్లో ఒత్తిడి మామూలుది కాదు. మన కారు టైరులో గాలి 32 పౌండ్లు. ఆ నూనె గొట్టాల్లో రెండు వేల పౌండ్లు దాటి ఉంటుంది. సూదిమొనంత చిల్లు నుంచి వచ్చే ధార చర్మాన్ని దూసుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గాటే కనపడుతుంది, లోపల కండ కుళ్లుతుంది. అందుకే లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూడకూడదు. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి. పొరపాటున ధార తగిలితే నొప్పి లేకపోయినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లి, నూనె లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

ఎత్తే పద్ధతి

మొదటిది నేల. సమంగా, గట్టిగా ఉండాలి. మన ఇళ్ల ముందు కడప బండలు పరిచి ఉంటాయి. చూడ్డానికి రాయే. కింద ఇసుక గుల్లబారి ఉంటే జాకీ అడుగు పడ్డచోట బండ పుటుక్కున విరుగుతుంది. జాకీ కింద మందపాటి చెక్క వేసి బరువు పరచాలి. ఎర్రమట్టి మీద, వాన పడ్డ తర్వాత అసలే వద్దు. హార్సిలీకొండ ఘాట్‌లో టైరు పోయిందా, వాలులో జాకీ పెట్టకండి. రిమ్ము పాడైనా సరే, మెల్లగా సమంగా ఉన్న చోటికి తీసుకెళ్లండి. రిమ్ము మళ్లీ కొనుక్కోవచ్చు.

రెండోది అడ్డు. ఎత్తని వైపు చక్రాలకు ముందూ వెనకా చెక్క అడ్డాలు పెట్టాలి. గుండ్రటి రాయి పనికిరాదు, దొర్లుతుంది. హ్యాండ్‌బ్రేక్ వేశాం కదా అంటారా? మామూలు కార్లలో అది వెనక చక్రాలను పట్టుకుంటుంది. వెనక రెండు చక్రాలూ ఎత్తేస్తే అది పట్టుకునేది గాలినే. డీఎస్, సీఎక్స్, బీఎక్స్, గ్జాంటియా లాంటి పాత సిట్రోయెన్లలో తిరకాసుగా అది ముందు చక్రాలకు ఉంటుంది. కాబట్టి ముందు భాగం ఎత్తితే హ్యాండ్‌బ్రేక్ ఉన్నా లేనట్టే.

మూడోది స్టాండు. జాకీ ఉన్నది ఎత్తడానికి. మోయడానికి ఉన్నది స్టాండు. ఏ మెకానిక్ షెడ్డులోనైనా ఈ మాటలు వినపడుతుంటాయి.

‘రెండు నిమిషాల పనికి స్టాండు ఎందుకన్నా?’

‘పడేదానికి రెండు నిమిషాలు పట్టదు గదరా అబ్బోడా!’

బాటిల్ జాకీ అయినా, ట్రాలీ జాకీ అయినా లోపల ఉన్నది నూనే. ఒక రబ్బరు వాషరు అరిగితే చాలు, మెల్లగానో ఒక్కసారిగానో దిగిపోతుంది. స్టాండును మాన్యువల్‌లో చూపించిన గట్టి చోటే పెట్టాలి. నూనె గొట్టం మీదో, పల్చటి రేకు మీదో, సస్పెన్షన్ చేయి మీదో పెట్టకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పేర్చడం మరీ అపాయం. అవి ముందు పగుళ్లు చూపించి తర్వాత విరగవు. చెప్పాపెట్టకుండా పిండైపోతాయి. విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టండి. అన్నీ మోసం చేసినా ఆ జానెడు సందు మనిషిని బతికిస్తుంది.

నూనె గోళాల కారుకు అదనంగా

ఇంజిను నడుపుతూ లివరు అన్నిటికంటే పైకి తోసి, కారు లేవడం ఆగేదాకా ఆగాలి. అప్పుడు పక్క నుంచే, కింద దూరకుండా, కర్రతో తోసి స్టాండ్లు పెట్టాలి. గొట్టాలు విప్పే పని ఉంటే నాలుగు మూలలా పెట్టాలి. ముందు రెండింటికే పెట్టి లివరు దించారనుకోండి, వెనకభాగం నేలకు కుంగి కారు స్టాండ్ల మీద వాలిపోతుంది. నాలుగూ పెట్టాక లివరు కిందికి దించితే కారు స్టాండ్ల మీద కూర్చుంటుంది. ఆ దిగేటప్పుడు చక్రాల దగ్గర ఎవరి చెయ్యీ ఉండకూడదు. పిల్లలు అసలు చుట్టుపక్కలే ఉండకూడదు.

తర్వాత ఇంజిను ఆపి, పంపు పక్కన ఉండే ఒత్తిడి రెగ్యులేటరు స్క్రూను ఒక చుట్టు వదులు చేయాలి. బుస్సుమని ఒత్తిడి దిగుతుంది. ఆ చప్పుడు పూర్తిగా ఆగాకే పానా పట్టుకోవాలి. తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. ‘ఏసీ వేసుకుందాం’ అని ఎవరో ఒకరు లోపల కూర్చుని ఇంజిను స్టార్టు చేస్తే ఇంత కష్టమూ వృథా.

నూనె విషయంలో ఒక హెచ్చరిక. తొలినాటి డీఎస్‌లకు ఎర్రనూనె, 1966 నుంచి పచ్చనూనె, సి5కు నారింజ రంగు నూనె. రంగు చూసి పోయాలి. మామూలు బ్రేకు నూనె పచ్చనూనె కారులో పోస్తే రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడైపోతాయి. పచ్చనూనె కార్లలో బ్రేకులు కూడా అదే నూనెతో నడుస్తాయన్నది మర్చిపోకూడదు.

బావగారి కారు సంగతి

గాలి తిత్తుల కార్లలో చాలావాటికి ‘జాక్ మోడ్’ అని ఒకటి ఉంటుంది. స్క్రీను మీద సెట్టింగుల్లో వెతకాలి, లేదా మాన్యువల్ చూడాలి. అది వేస్తే కారు ఎత్తు సరిచేసుకోవడం మానేసి బుద్ధిగా ఊరుకుంటుంది. అది వేశాకే జాకీ. కొన్ని కార్లలో తలుపు తెరిచినా వ్యవస్థ మేలుకుంటుంది కాబట్టి, కావలసిన సామాను ముందే బయట పెట్టుకుని తలుపులు మూసెయ్యాలి. పనయ్యాక దడాల్న దించకూడదు. గాలి లేని తిత్తి మీద బరువు పడితే అది మడతపడి చిరుగుతుంది. ఆ తిత్తి ఖరీదు చూస్తే బావగారు బ్రేకు ప్యాడ్ల కూలిని ఇంకెప్పుడూ తలుచుకోరు.

ఇక అసలు ప్రశ్న. ముందు చక్రాల ప్యాడ్లు, స్టాండ్లు ఉండి, పని తెలిసిన మనిషి పక్కన ఉంటే ఇంట్లో మార్చుకోవచ్చు. వెనకవి మాత్రం వద్దు. ఈ కార్లలో చాలావాటికి హ్యాండ్‌బ్రేక్ బటనుతో పనిచేస్తుంది. వెనక బ్రేకు లోపలే చిన్న మోటారు ఉంటుంది. దాన్ని సర్వీసు మోడ్‌లో పెట్టకుండా పిస్టన్‌ను బలవంతంగా వెనక్కి నొక్కితే మోటారు పోతుంది. సర్వీసు మోడ్‌లో పెట్టారా, అప్పుడు హ్యాండ్‌బ్రేక్ ఉండదు. అంటే కారును ఆపి ఉంచేది మీరు పెట్టిన చెక్క అడ్డాలే. ఇంత తెలిసినవాడి చేతికి ఇవ్వడమే మంచిది.

ప్యాడ్లు ఎవరు మార్చినా ఒక్కమాట. చక్రాలు బిగించాక, బండి కదిలించకముందే బ్రేకు పెడల్‌ను గట్టిబడేదాకా పదిసార్లు తొక్కండి. కొత్త ప్యాడ్లు డిస్కును అందుకునేదాకా మొదటి తొక్కు నేలకంటుతుంది. అది గేటు దాటాక తెలిస్తే లాభం లేదు.

మన పొలంలోనూ ఇదే సూత్రం

ఇదంతా విదేశీ కార్ల గొడవ, మనకెందుకు అనుకోకండి. ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్నివైపులా సమానంగా పాకుతుందని పాస్కల్ 17వ శతాబ్దంలోనే చెప్పాడు. 1795లో ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా దాంతో ప్రెస్సు తయారుచేసి పేటెంటు పొందాడు. ఆ సూత్రమే ఇవాళ ట్రాక్టరు వెనక గుంటకను లేపుతోంది, ట్రాలీని ఒరగేసి మట్టి దించుతోంది, జేసీబీ తొట్టిని పైకెత్తుతోంది. సాయంత్రం ట్రాక్టరు ఆపి గుంటక పైనే ఉంచితే, తెల్లారేసరికి అది నేలకు దిగి ఉండటం ప్రతి రైతూ చూసిందే. నూనె లోపల సందుల్లోంచి మెల్లగా జారిపోతుంది. ఆ మెల్లగా అన్నది గొట్టం పగిలిన రోజున ఉండదు.

పైకి లేపిన ట్రాలీ కింద గ్రీజు పెట్టడానికి దూరేముందు, తొట్టికీ ఛాసిస్‌కూ మధ్య గట్టి ఊత పెట్టండి. గుంటక కొర్రు మార్చేముందు దాన్ని నేలకు దించి, లేదా దిమ్మె మీద కూర్చోబెట్టి మార్చండి. ఏసీ బస్సుల గాలి తిత్తుల కిందా అంతే. లేపింది నూనె అయినా, గాలి అయినా, మనిషి కింద దూరేటప్పుడు మాత్రం బరువు ఇనుము మీదో చెక్క మీదో ఉండాలి.

రెండు జాకీ స్టాండ్ల ఖర్చు, ఆ పెద్ద కారు ఒక్క టైరు ఖరీదులో చిన్న వంతు కూడా కాదు. కారు లేకపోయినా కొనిపెట్టుకోండి. ఊళ్లో ఎవరో ఒకరు అడిగి తీసుకెళ్తారు. తిరిగి ఇవ్వడం ఆలస్యమైనా ఏమీ అనకండి.